జ్వరాల పేర్ల గుట్టు విప్పిన నైటింగేల్

ఏటా మే 12వ తేదీన ఆస్పత్రుల్లో నర్సుల దినోత్సవం జరుపుతారు. చేతిలో దీపం పట్టుకున్న ఒక దొరసాని పటానికి పూలదండ వేస్తారు. ఆమె పేరు ఫ్లోరెన్స్ నైటింగేల్ అని, గాయపడిన సిపాయిలకు రాత్రివేళ దీపం పట్టుకుని తిరుగుతూ సేవ చేశారని బడి పిల్లలు కూడా చెబుతారు. అది నిజమే. అయితే ఆమె పనిచేసిన ఆస్పత్రుల్లో ప్రాణాలు విడిచిన సిపాయిల్లో అత్యధికులకు ఒంటిమీద గాయమన్నదే లేదు. వారిని పొట్టన పెట్టుకున్నవి జ్వరాలు, విరేచనాలు.

దీపం పట్టుకోవడం కన్నా ఆమె చేసిన పెద్ద పని వేరే ఉంది. సైన్యం వారి చావు లెక్కల పుస్తకాలు తెరిచి, అందులో రాసిన జబ్బుల పేర్ల మాటున ఏం దాగి ఉందో పార్లమెంటు పెద్దల ముందు పెట్టారు. చిత్రమేమిటంటే, ఆమెను ఏళ్ళ తరబడి మంచాన పడేసిన జ్వరం ఏదో మాత్రం ఆమె బతికుండగా ఎవరూ చెప్పలేకపోయారు.

కలవారి బిడ్డ

నైటింగేల్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో జన్మించారు. తల్లిదండ్రులు ఇంగ్లీషువారు. దేశాటనలో ఉండగా బిడ్డ పుట్టిందని ఆ ఊరి పేరే పెట్టారు. అంతకుముందు నేపుల్స్‌లో పుట్టిన అక్కకు ఆ ఊరి పాత గ్రీకు పేరు పార్థినోపి అని పెట్టారు. ఇంగ్లండులో వారికి రెండు చోట్ల పెద్ద బంగళాలు, పొలాలు ఉండేవి. తండ్రి విలియం ఎడ్వర్డ్ కూతుళ్ళిద్దరికీ తానే చదువు చెప్పారు. చిన్నామెకు లెక్కలంటే ప్రాణం. పెద్దింటి ఆడపిల్లకు లెక్కలు దేనికని తల్లి విసుక్కున్నా వదలలేదు.

నర్సు పని చేస్తానని ఆమె అన్నప్పుడు ఇల్లంతా గొడవైంది. ఆ రోజుల్లో ఆ పని దిక్కులేని వారు, తాగుబోతులు చేసే పనిగా పేరు పడింది. రిచర్డ్ మాంక్టన్ మిల్న్స్ అనే పెద్దమనిషి ఏళ్ళ తరబడి ఆమెను చేసుకుంటానని అడిగారు. ఆమె కాదన్నారు. జన్మంతా పెళ్ళి లేకుండానే గడిపారు. 1851లో జర్మనీలోని కైజర్స్‌వర్త్ అనే ఊళ్ళో కొన్ని నెలలు ఉండి రోగుల సేవ నేర్చుకున్నారు. 1853లో లండన్‌లో ఒక చిన్న ఆస్పత్రికి పెద్దగా కుదిరారు. మరుసటి ఏడు లండన్‌లో కలరా వచ్చినప్పుడు మిడిల్‌సెక్స్ ఆస్పత్రికి వెళ్ళి రోగులకు ఉపచారం చేశారు. అదే కాలంలో, అదే నగరంలో జాన్ స్నో అనే డాక్టరు కలరా మంచినీటి ద్వారా వస్తోందని ఒక వీధిపంపును చూపించి రుజువు చేశారు. అప్పటికి ఆ మాటను నమ్మినవారు తక్కువ. చెడు వాసన, చెడుగాలి వల్లనే జబ్బులు పుడతాయని డాక్టర్లందరి నమ్మకం. నైటింగేల్ నమ్మకమూ అదే.

స్కుటారీ ఆస్పత్రి

ఆ 1854లోనే ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాలు టర్కీ పక్షాన నిలబడి రష్యాతో యుద్ధానికి దిగాయి. నల్ల సముద్రం ఒడ్డున ఉన్న క్రిమియాలో పోరాటం జరిగింది గనుక దానికి క్రిమియా యుద్ధమని పేరు. దెబ్బతిన్న వారిని, జబ్బుపడిన వారిని ఓడల మీద సముద్రం దాటించి, ఈనాటి ఇస్తాంబుల్ నగరానికి ఎదుటి ఒడ్డున ఉన్న స్కుటారీకి తెచ్చేవారు. అక్కడ టర్కీ సైనికుల బారకాసులనే ఆస్పత్రిగా మార్చారు. అక్కడి దురవస్థ పత్రికల్లో రావడంతో ఇంగ్లండులో గగ్గోలు పుట్టింది. యుద్ధ శాఖ చూస్తున్న సిడ్నీ హెర్బర్ట్ నైటింగేల్‌ను పంపడానికి నిర్ణయించారు. అక్టోబరు 21న 38 మంది నర్సులతో బయలుదేరిన ఆమె నవంబరు 4న స్కుటారీ చేరారు.

భవనం చూడటానికి కోటలా ఉంది. దాని కింద మురుగు తూములన్నీ పూడిపోయి ఉన్నాయి. చచ్చిన జంతువుల కళేబరాలు పరిసరాల్లోనే కుళ్ళుతున్నాయి. మైళ్ళ పొడవున చాపలు, గడ్డి పరుపులు పరచి రోగులను పక్కపక్కనే పడుకోబెట్టారు. చొక్కాలు లేవు, సబ్బు లేదు, ఉతికే వారు లేరు. చందాలుగా వచ్చిన డబ్బుతో ఆమె గుడ్డలు కొన్నారు, వంటశాల పెట్టించారు, చాకిరేవు ఏర్పాటు చేశారు. అయినా చావులు ఆగలేదు సరికదా, పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో అక్కడ ప్రతి వంద మందికి 42 మందికి పైగా చనిపోయారు.

మార్చి నెలలో ఇంగ్లండు నుంచి ఆరోగ్య సంఘం వచ్చింది. డాక్టరు సదర్లండ్, రాలిన్సన్ అనే ఇంజనీరు అందులో ముఖ్యులు. వారు మందులేమీ తేలేదు. మురుగు తూములు కడిగించారు, కళేబరాలు తీయించి పూడ్పించారు, గోడలకు సున్నం కొట్టించారు, గాలి ఆడేలా కిటికీలు తెరిపించారు. జూన్ నాటికి చావులు వందకు రెండుకు దిగాయి. ఇంత తేడా దేనివల్ల వచ్చిందో నైటింగేల్‌కు సైతం యుద్ధం ముగిసి, లెక్కలు ముందు పెట్టుకుని కూర్చున్నాక గాని పూర్తిగా బోధపడలేదని చరిత్రకారులు కొందరు అంటారు.

పుస్తకంలో రాసిన పేర్లు

ఆ లెక్కలు సరిచేయడమే ఒక యుద్ధమైంది. స్కుటారీలో చావులు రాయడానికి మూడు చోట్ల మూడు పుస్తకాలు ఉండేవి. పాతిపెట్టిన వారి లెక్క ఒకటి, డాక్టర్ల లెక్క ఒకటి, సైన్యం కచేరీ లెక్క ఇంకొకటి. మూడింటిలో ఏ రెండూ కలిసేవి కావు. మన ఊళ్ళలో కరణం లెక్క ఒకటి, మునసబు లెక్క ఒకటి అని పెద్దలు చెప్పుకునేవారే, అలాగన్నమాట.

ఇక జబ్బుల పేర్ల సంగతి. ఆ కాలపు డాక్టర్లకు సూక్ష్మజీవుల సంగతి తెలియదు. రక్తపరీక్షలు లేవు. చేతిలో ధర్మామీటరు కూడా ఉండేది కాదు. నాడి పట్టి, నాలుక చూసి, జ్వరం వచ్చే తీరును బట్టి పేరు రాసేవారు. విడవకుండా కాసేదానికి ఎడతెగని జ్వరమని, కొంత తగ్గినట్లే తగ్గి మళ్ళీ పెరిగేదానికి రెమిటెంట్ జ్వరమని, పూర్తిగా విడిచి రోజు మార్చి రోజు వణుకుతో వచ్చేదానికి ఇంటర్మిటెంట్ జ్వరమని రాశారు. ఈ చివరిదే మనవారి చలిజ్వరం. ఏజెన్సీ ఊళ్ళలో మన్యం జ్వరమన్నా, డాక్టర్లు మలేరియా అన్నా ఎక్కువగా ఇదే. మలేరియా అనే మాటకు ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థం. దోమ చేసే పని గాలి మీదకు పోయిందన్నమాట. దోమ కడుపులో ఆ జబ్బు క్రిమిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న.

ఎడతెగని జ్వరం పేరు కింద కనీసం రెండు వేరు వేరు జబ్బులు కలిసిపోయేవి. ఒకటి టైఫస్. ఇది ఒంటి పేల వల్ల వస్తుంది. రెండోది టైఫాయిడ్, అనగా మనవారు సన్నిపాత జ్వరమని పిలిచేది. ఇది మలినమైన నీరు, తిండి వల్ల వస్తుంది. టైఫాయిడ్ అంటే టైఫస్ లాంటిదని అర్థం. పేరు పెట్టడంలోనే తికమక ఉంది. రెండూ వేరని లండన్‌లో విలియం జెన్నర్ అనే డాక్టరు 1850 ప్రాంతంలో చూపినా యుద్ధభూమిలో ఆ తేడా పట్టించుకునే తీరిక ఎవరికుంది? టైఫాయిడ్ క్రిమిని 1880లో చూశారు. టైఫస్‌కు పేలే కారణమని 1909లో తేలింది.

అన్నిటికన్నా మోసపుచ్చే పేరు 'డెబిలిటీ'. అంటే నీరసం. యువకుడైన సిపాయి నీరసంతో చనిపోయాడని రాస్తే చదివినవారు ఏమనుకుంటారు? అతని ఒళ్ళే అంత అనుకుంటారు. ఆ చలికాలంలో క్రిమియాలో సిపాయిలకు ఉప్పు మాంసం, గట్టి రొట్టె తప్ప పచ్చి కూర దొరకలేదు. చిగుళ్ళు వాచి రక్తం కారే స్కర్వీ జబ్బు పట్టుకుంది. దానికి నిమ్మరసమే మందని ఓడల వారికి ఎప్పుడో తెలుసు. 1854 డిసెంబరులో బాలక్లావా రేవుకు నిమ్మరసం వచ్చింది కూడా. పంచమని పైవారి ఉత్తరువు లేదని ఫిబ్రవరి దాకా గోదాములోనే ఉంచారు.

ఇవన్నీ విడివిడిగా ఉన్నంతకాలం ఎవరికీ ఏమీ కనబడలేదు. యుద్ధం తరువాత నైటింగేల్, ఇంగ్లండు జనన మరణాల లెక్కలు చూసే విలియం ఫార్ అనే ఆయన కలిసి కూర్చున్నారు. ఫార్ అప్పటికే జబ్బులకు కొత్త తరగతులు ఏర్పరచి ఉన్నారు. అంటుజబ్బులు, విషజ్వరాలు, కలరా, విరేచనాలు అన్నిటినీ ఒక్క గంపకింద చేర్చి 'జైమోటిక్' జబ్బులన్నారు. గ్రీకు భాషలో దానికి పులియబెట్టడం అని అర్థం. పాలలో చేమిరి చుక్క వేస్తే కుండెడు తోడుకున్నట్లు, విషం కొంచెం రక్తంలో చేరితే ఒళ్ళంతా పాడవుతుందని ఆయన ఊహ. ఊహలో సైన్సు పూర్తిగా సరికాకపోయినా ఆ తరగతి ఎంతో పనికి వచ్చింది. శుభ్రత ఉంటే రాకుండా ఆపగలిగిన చావులన్నీ ఒకచోటికి వచ్చాయి.

1855 జనవరి ఒక్క నెల లెక్క చూడండి. క్రిమియా యుద్ధంలో ఇంగ్లీషు సైన్యం సగటున 32,393 మంది. గాయాలతో చనిపోయినవారు 83. ఆపగలిగిన జబ్బులతో చనిపోయినవారు 2,761. ఇతర కారణాలతో 324. శత్రువు ఒక్కణ్ణి చంపితే జబ్బులు ముప్పై ముగ్గుర్ని చంపాయి. యుద్ధం మొత్తం మీద ఇంగ్లీషు సైన్యంలో చనిపోయిన సుమారు 21 వేల మందిలో 16 వేల మందికి పైగా జబ్బులతో పోయినవారే.

అంకెలు చదవని మంత్రులకు కూడా తెలియాలని ఆమె ఒక పటం గీయించారు. పన్నెండు నెలలకు పన్నెండు రేకులతో విచ్చుకున్న పువ్వులా ఉంటుంది. జబ్బు చావులకు నీలం రంగు, గాయాలకు ఎరుపు, మిగతా వాటికి నలుపు. చూడగానే నీలమే కళ్ళకు కొడుతుంది. 1858లో అచ్చయిన ఆ పటం నేటికీ లెక్కల పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆ ఏడే లండన్ గణాంక సంఘం వారు ఆమెను సభ్యురాలిగా తీసుకున్నారు. ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ ఆమే.

ఇక్కడ మన జిల్లాల వారికి ఒక మాట. మిలిటరీ మాధవరం వంటి ఊళ్ళ నుంచి మొదటి, రెండవ ప్రపంచ యుద్ధాలకు ఎందరో వెళ్ళారు. తాతల నాటి సైన్యం కాగితాలు ట్రంకుపెట్టెల్లో ఉన్న ఇళ్ళు ఉండవచ్చు. అటువంటి పాత కాగితాల్లో 'పి.యు.ఓ.' అని ఉంటే కారణం తేలని జ్వరమని అర్థం. 'ఎన్.వై.డి.' అంటే జబ్బు ఇంకా తేలలేదని. 'ఎంటెరిక్ జ్వరం' అంటే టైఫాయిడ్. 'ట్రెంచ్ ఫీవర్' అంటే కందకాల్లో పేల వల్ల వచ్చిన జ్వరం. 'థైసిస్' అంటే క్షయ. అక్షరాలు చూసి అదేదో పతకమో బిరుదో అనుకోవద్దు.

మంచాన పడేసిన జ్వరం

1855 మే నెలలో నైటింగేల్ స్కుటారీ నుంచి ఓడ మీద యుద్ధభూమికి దగ్గరగా ఉన్న బాలక్లావా ఆస్పత్రులు చూడటానికి వెళ్ళారు. కొద్ది రోజులకే జ్వరం పట్టుకుంది. ఒంటి మీద తెలివి లేదు, సంధి మాటలు. జుట్టు కత్తిరించి వేశారు. బతకదనే అనుకున్నారు. రెండు వారాలకు గండం గడిచింది. డాక్టర్లు దానికి రాసిన పేరు 'క్రిమియా జ్వరం'. క్రిమియాలో వచ్చింది కాబట్టి క్రిమియా జ్వరం! మన్యంలో వస్తే మన్యం జ్వరమన్నట్లే. ఊరి పేరు తప్ప జబ్బు సంగతి అందులో ఏమీ లేదు.

ఇంటికి పొమ్మని ఎందరు చెప్పినా వినక, యుద్ధం ముగిసి ఆఖరి రోగులు వెళ్ళేదాకా ఉండి, 1856 ఆగస్టులో మిస్ స్మిత్ అనే మారుపేరుతో స్వదేశం చేరారు. ఊరేగింపులు ఆమెకు గిట్టవు. మరుసటి నెలలో విక్టోరియా రాణిని కలిసి సైన్యం ఆరోగ్యంపై విచారణ సంఘం వేయించమని కోరారు.

1857 ఆగస్టులో కుప్పకూలారు. అప్పటికి వయసు 37 మాత్రమే. అక్కడి నుంచి సుమారు పాతికేళ్ళు ఆమె జీవితం ఎక్కువగా మంచం మీదే గడిచింది. జ్వరం వచ్చేది, పోయేది. గుండె దడ, తిండి సహించకపోవడం, నిద్ర లేమి, మనసులో దిగులు. 1861 తరువాత నడుం నొప్పి భరించరానిదై కొన్నేళ్ళు నడవలేకపోయారు. డాక్టర్లు నరాల బలహీనత అన్నారు. పని ఒత్తిడి అన్నారు. ఎవరినీ కలవకుండా తప్పించుకోవడానికి జబ్బు నటిస్తున్నారని కూడా కొందరన్నారు. ఆమె చనిపోయాక పుస్తకాలు రాసినవారిలోనూ ఆ మాట అన్నవారున్నారు. జబ్బుకు పేరు లేకపోతే రోగి మాట ఎవరూ నమ్మరు. మన ఇళ్ళలో ఆడవారి విషయంలో ఇది కొత్త సంగతేమీ కాదు.

ఆ మంచం మీద నుంచే ఆమె సాగించిన పని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల బడి పెట్టించారు. నర్సింగ్ మీద పుస్తకం రాశారు. మంత్రులే ఆమె ఇంటికి వచ్చి వెళ్ళేవారు.

మన దేశం, మన గోదావరి

నైటింగేల్ ఏనాడూ భారతదేశం రాలేదు. కాని 1859లో ఇక్కడి సైన్యం ఆరోగ్యంపై విచారణ సంఘం వేసినప్పుడు ప్రతి దండు స్థావరానికి ప్రశ్నల కాగితం పంపించి, బండ్లకొద్దీ వచ్చిన జవాబులు చదివారు. ఇక్కడ ఇంగ్లీషు సిపాయిల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని తేలింది. ఎండ అనో, ఈ దేశం అంతేననో రాసుకుంటూ వచ్చిన చావులు అవి. తాగే నీరు, మురుగు, ఇరుకు బారకాసులు అసలు కారణమని ఆమె చూపించారు. 1864లో మద్రాసు, బెంగాల్, బొంబాయి రాష్ట్రాలకు ఆరోగ్య సంఘాలు ఏర్పడ్డాయి. 1873 నాటికి ఆ చావులు వెయ్యికి 18కి తగ్గాయని ఆమె ప్రకటించారు.

సిపాయి గురించి మొదలుపెట్టిన ఆమె చూపు క్రమంగా రైతు మీదకు మళ్ళింది. ఇంగ్లండులో స్థిరపడిన మన కాటన్ దొరతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపారు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి సీమను ఎలా మార్చిందో తెలుసుకుని, దేశమంతటా కాలువలు తవ్వించాలని రాశారు. నీరు పారించడంతో పాటు మురుగు పోయే దారి కూడా చూడాలని ఆమె వాదం. వర్షాకాలంలో మురుగు కాలువలు పూడి చేలు మునిగే ఊళ్ళ వారికి ఆ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాష్ట్రాన్ని పీడించిన ధాత కరువు గురించి ఆమె గట్టిగా వ్రాసి దొరల ఆగ్రహానికి గురయ్యారు. ఆకలిచావును జ్వరం చావు కింద రాసే అలవాటు స్కుటారీతో పోలేదని ఆమెకు తెలుసు.

ఇంత చేసినా, జబ్బులకు క్రిములు కారణమన్న మాటను ఒప్పుకోవడానికి ఆమెకు చాలా ఏళ్ళు పట్టింది. చెడుగాలి నమ్మకం అంత గట్టిది. 1880ల తరువాత గాని దారికి రాలేదు.

1901 నాటికి చూపు పోయింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే బిరుదు ఇచ్చారు. స్త్రీకి ఆ బిరుదు రావడం అదే మొదలు. 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ళ వయసులో లండన్‌లో కన్నుమూశారు. రాజులను పాతిపెట్టే వెస్ట్‌మినిస్టర్ ఆబేలో చోటు ఇస్తామన్నా కుటుంబం వారు వద్దన్నారు. ఈస్ట్ వెల్లో అనే పల్లెలో తల్లిదండ్రుల పక్కనే సమాధి చేశారు. రాతి మీద పేరు కూడా పూర్తిగా లేదు. ఎఫ్.ఎన్. అన్న పొడి అక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, అంతే.

మేకపాలలో దొరికిన జవాబు

మధ్యధరా సముద్రంలో మాల్టా అనే దీవి ఉంది. అక్కడి ఇంగ్లీషు సిపాయిలకు అలలలా లేచి పడే జ్వరం ఒకటి వచ్చేది. కొందరు మాల్టా జ్వరమన్నారు, కొందరు మధ్యధరా జ్వరమన్నారు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక డాక్టరు చనిపోయిన సిపాయిల ప్లీహంలో దాని క్రిమిని కనిపెట్టారు. అది ఎక్కడి నుంచి వస్తోందో తెలియడానికి మరో 18 ఏళ్ళు పట్టింది. 1905లో మాల్టాకే చెందిన జామిట్ అనే డాక్టరు మేకల రక్తం పరీక్షించారు. చూడటానికి నిక్షేపంగా ఉన్న మేకల్లోనే ఆ క్రిమి ఉంది. మరుసటి ఏడు సిపాయిలకు పచ్చి మేకపాలు ఆపేశారు. జ్వరం దాదాపు ఆగిపోయింది. బ్రూస్ పేరు మీద ఆ జబ్బును బ్రూసెల్లోసిస్ అంటున్నారు.

1995లో డి.ఎ.బి. యంగ్ అనే పరిశోధకుడు నైటింగేల్ జబ్బు లక్షణాలన్నీ వరుసగా పేర్చి, అది ఈ బ్రూసెల్లోసిస్సే అయి ఉండాలని ఇంగ్లండులోని వైద్య పత్రికలో రాశారు. వచ్చిపోయే జ్వరం, వెన్నుపూస నొప్పి, నీరసం, దిగులు, ఏళ్ళ తరబడి విడవకపోవడం, అన్నీ దానికి సరిపోతాయి. రక్తపరీక్ష చేసే వీలు లేదు గనుక రుజువు అనలేం గాని, డాక్టర్లు చాలామంది ఇదే సబబని ఒప్పుకున్నారు. నటన అన్న నింద ఆ విధంగా 85 ఏళ్ళ తరువాత తొలగింది.

ఈ జబ్బు మన పశువుల్లోనూ ఉంది. చూడి గేదె, ఆవు నెలలు నిండకుండానే ఈసుకుపోవడానికి ఇది ఒక కారణం. మాయను ఒట్టి చేతులతో లాగినా, పచ్చిపాలు తాగినా మనిషికి అంటుకుంటుంది. మనిషిలో వచ్చినప్పుడు టైఫాయిడ్ అనో, మలేరియా అనో, వాతం నొప్పులనో పొరబడటం నేటికీ జరుగుతోంది. పశువులు ఈసుకుపోయిన ఇంట్లో ఎవరికైనా వారాల తరబడి జ్వరం, నడుం నొప్పి ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందుగా చెప్పాలి. అడిగితే రక్తపరీక్ష ఉంది, మందులూ ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2019లో ప్రారంభించిన పథకం కింద 4 నుంచి 8 నెలల వయసున్న పెయ్యదూడలకు ఒక్కసారి ఈ టీకా వేయిస్తున్నారు. గర్భంతో ఉన్న పశువుకు ఈ టీకా వేయరాదు.